మూడు చుక్కల ముద్ర

నా చిన్నప్పుడు మా తాత ఒంటరిగా పనిచేయడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన కూకట్‌పల్లిలో వెండిపని చేసే ఔసుల తాత. వెండి తెచ్చినవాళ్ళు అది నగై తిరిగి చేతికొచ్చేదాకా కుంపటికి ఎదురుగా కూర్చునేవాళ్ళు. పొద్దున మొదలైతే సద్ది కూడా అక్కడే తినేవాళ్ళు, తింటూ కూడా తాత వేళ్ళ మీంచి చూపు తిప్పేవాళ్ళు కాదు. ఔసులవాడు కన్నతల్లి వెండిలోనైనా ఇంత నొక్కేస్తాడని లోకం ఎప్పుడో తీర్మానించింది. తాత కూడా అలవాటుపడి, వచ్చినవాళ్ళకు తనే పీట వేసేవాడు. ఆ పీట మీద నాకు ఇప్పటికీ కోపమే.

నేను చెప్పేవాటిలో రూపాయికి పావలా వంతే నిజమని మావాళ్ళంటారు. ఇది మాత్రం నిండు రూపాయి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. తెలంగాణ కావాలని మొదటిసారి వీధులు గొంతెత్తిన రోజులు. బడి మూతపడింది. మా ముందర అర్రలో, అంటే వీధివైపు గదిలో, ఒక అక్క కిరాయికి ఉండేది. కోస్తా నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళాయన బాలానగర్ కార్ఖానాలో ఫిట్టరు. ఏడాది నిండబోయే ఆడపిల్ల. పుట్టింటివాళ్ళు పెట్టిన పాత కడియాలు కరిగించి, బిడ్డకు మువ్వల కడియాలు చేయమని అక్క తాతకిచ్చింది. తాత అలవాటుగా పీట వేశాడు. అక్క దాన్ని చూసి, "నేనెందుకండీ తాతగారూ, పొయ్యి మీద పప్పుంది" అని లోపలికెళ్ళిపోయింది. తాత ఆ ఖాళీ పీట వైపు చాలాసేపు చూశాడు. ఎందుకో నాకప్పుడు తెలియలేదు.

ఆ మర్నాడే అక్క నన్ను చూసి నవ్వింది. నేను "ఏంది" అంటే, "ఏంది కాదమ్మా, ఏంటి అనాలి" అంది. చెడ్డ నవ్వు కాదది, ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఒళ్ళంతా మిరపకాయ రాసుకున్నట్టయింది. వారం రోజులు ఆ మంట దాచుకున్నాను. తర్వాత బావి దగ్గర నీళ్ళు చేదుతున్న ఆడవాళ్ళతో, పెద్దాళ్ళలా చెయ్యి నోటికడ్డం పెట్టుకుని మరీ చెప్పాను: "మా తాత వెండి కొట్టేసిండని అక్క వాళ్ళాయనతో చెప్పవట్టె. నేను ఇన్న."

కట్టుకథలకు కాళ్ళుంటాయంటారు. నా కథకు రెక్కలొచ్చాయి. బావి దగ్గర తులమున్న వెండి వీధి మలుపు తిరిగేసరికి పావుశేరైంది, పొద్దువాలేసరికి శేరైంది. అక్క తాతను చెప్పుతో కొట్టబోయిందని కూడా ఎవరో కలిపారు. అది నేను చెప్పలేదు. ఆ మాత్రం ఊహ నాకెందుకు రాలేదా అని కాస్త కుళ్ళుకున్నాను కూడా.

దీపాలు పెట్టే వేళకు పదిమంది మా వాకిట్లో ఉన్నారు. ముందు నిలబడ్డాయన మా వీధికి పెద్దదిక్కు. జబ్బకు వెండి దండకడియం. అర్ర తలుపు వెనక అక్క బిడ్డనెత్తుకుని నిలబడింది. వాళ్ళాయన ఇంకా కార్ఖానా నుంచి రాలేదు.

"తాతా, గీమె నిన్ను దొంగ అన్నదట. నువ్వు ఊకుంటవేమో గని మేం ఊకోం. రేపు పొద్దుగూకే లోపల అర్ర ఖాళీ కావాలె" అన్నాడు ఆ పెద్దాయన.

మా తాత ఉద్యమానికి ఎదురు కాదు. పొద్దున్నే జెండా పట్టుకుని ఊరేగింపులో నడిచి వచ్చినవాడే. ఆయన కుంపటిలో బొగ్గు సర్దుతూ నెమ్మదిగా అన్నాడు. "మంచిది బిడ్డా. ఖాళీ చేపిస్త. గని జర ఒక్క పని. నీ దండకడియం సొట్టవోయింది గద. ఈడ ఇడిసిపెట్టి పో. సాపు చేసి పెడ్త."

పెద్దాయన చేయి దానంతటదే కడియం మీదికెళ్ళింది. "ఇప్పుడెందుకు తాతా? రేపు పొద్దుగాల నేనే వొచ్చి ముంగట కూసుంట."

అన్న తర్వాత ఆయనకే తెలిసింది, ఏమన్నాడో.

తాత లేచాడు. ఆ గొంతుకు పెంకులు ఎగిరాయంటే మీరు నమ్మరు. పోనీ, కదిలాయి. "మీ తాత కూసున్నడు, మీ అయ్య కూసున్నడు, ఇగ నువ్వు కూసుంటున్నవ్! ఈ పిల్ల వెండి ఎనిమిది దినాల సంది నా తాన ఉన్నది. ఒక్కనాడన్న ఈ దిక్కు తొంగిచూడలె. ఇప్పుడు చెప్పు, నన్ను దొంగ అన్నది ఎవలు?"

ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు.

ఊళ్ళో అంత ముద్దుగా అబద్ధమాడేది ఎవరో తాతకు తెలుసు. మర్నాడు పొద్దున నన్ను ఆ పీట మీద కూర్చోబెట్టి, పలచటి వెండిరేకు, తన ముద్ర అచ్చు, సుత్తి ఇచ్చాడు. తను చేసిన ప్రతి నగకూ లోపలివైపు, ఒంటికి తగిలేచోట, ఆ మూడు చుక్కల ముద్ర కొట్టేవాడు. వెండిలో తేడా ఉంటే ఎవరిని పట్టుకోవాలో తెలియాలని. దొంగ అలా తన గుర్తు తనే కొట్టి పెడతాడా?

"కొట్టు" అన్నాడు. ఒక్క దెబ్బ. ముద్ర ముత్యంలా పడింది. పొంగిపోయాను.

"ఇగ తీసెయ్." ఆకురాయి చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నందాకా రుద్దాను. వేళ్ళు బొబ్బలెక్కాయి. చుక్కలు పోయాయి, వాటితోపాటు రేకూ పోయింది. అక్కడ చిల్లు పడి అవతలి వెలుతురు కనబడింది. తాత దాన్ని ఎండకెత్తి చూసి నా చేతిలోనే పెట్టాడు. "పో. ఆ పిల్లకు చెప్పి రా."

చెప్పాను. అక్క కొడుతుందనుకున్నాను. "పోనీలేమ్మా" అని తల నిమిరింది. ఆదివారం వాళ్ళు బాలానగర్‌లో ఇంకో అర్రకు వెళ్ళిపోయారు. వాళ్ళాయన భయపడ్డాడు. భయపడడా మరి? పోతూ పోతూ అక్క మువ్వల కడియాలు తూకం చూడకుండానే బిడ్డ కాళ్ళకు తొడిగింది. ఒక్క దెబ్బ వేసి ఉంటే నా కోపం ఆమె మీదికి పోయేది. వెయ్యలేదు కాబట్టి నా మీదే ఉండిపోయింది.

ఇప్పుడు నేను హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో ఊడ్చి తుడిచే ఆడపిల్లలకు సూపర్‌వైజర్‌ని. గేటు దగ్గర గోడంత ఇంగ్లీషు బోర్డు ఉంది. ఒక ఇంజినీరు పిల్లను అడిగితే, నమ్మకమే మా హాల్‌మార్క్ అని రాశారని చెప్పింది. హాల్‌మార్క్ అంటే వెండి మీద కొట్టే ముద్రేనట, మనిషి గుణానికీ అంటారట. ఆ బోర్డు కిందే ప్రతి సాయంత్రం మా పిల్లల టిఫిన్ డబ్బాలు మూత తీసి చూస్తారు. ఇంజినీర్ల సంచులు చూడరు. మా తాత పీట ఇంకా ఇక్కడే ఉంది.

మళ్ళీ ఉద్యమం రగులుతోంది. మొన్న మూడో అంతస్తులో ఎవరిదో ఉంగరం పోతే, మా పిల్లలే నా చెవిలో ఊదారు: "గా కొత్త పిల్లే అక్కా. ఆంధ్రామె." నేను సంచిలోంచి ఆ చిల్లురేకు తీసి వాళ్ళ ముందు పెట్టాను. దాని కథ వాళ్ళకెప్పుడో చెప్పాను. "ఎవలు చూసిన్రు? చూసినోళ్ళు నా ముంగట చెప్పున్రి." ఒక్కొక్కరే చీపుర్లు అందుకున్నారు.

గేటు దగ్గర ఆ రేకు చూసి గార్డు రోజూ అడుగుతాడు, ఇదేందని. నిజాం నవాబు పళ్ళెం ముక్కనీ, చందమామ పెచ్చనీ రోజుకో కథ చెబుతాను. అసలు కథ మాత్రం అతనికి చెప్పను. ముందు ఇంజినీర్ల సంచులు కూడా తెరవమనండి, అప్పుడు చెబుతాను.