బొట్టు పెట్టిన బోల్టు

నా చిన్నప్పుడు మా షెడ్డుకు వచ్చిన ప్రతి జీపుకూ మా తాతయ్య బొట్టు పెట్టేవాడు. బానెట్టు మీదా కాదు, అద్దం మీదా కాదు. డ్రైవరు సీటు కింద, వంగి చూస్తే తప్ప కనపడని ఒక బోల్టు మీద. కుంకుమ తడిపి వేలితో అద్దేవాడు. ఇక ఆ బండి పని ముగిసేదాకా ఆ బోల్టు జోలికి ఎవరూ పోయేవారు కాదు. అది దేవుడి బోల్టని మా అందరి నమ్మకం.

తాతయ్య కేజీఎఫ్ బంగారు గనుల వర్క్‌షాపులో చేసి రిటైరైనవాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకొని, వేలంలో పోయిన పాత జీపులను మళ్ళీ మొదటి రూపుకు తెచ్చేవాడు. అలాంటివి కోరేవాళ్ళు ఆ రోజుల్లో కొద్దిమందే. వాళ్ళలో ముఖ్యుడు కోలారులో బట్టలంగడి ఉన్న ఒక శెట్టిగారు. ఆయన జీపులను తోలడానికి కాదు, మామిడితోపులో నిలబెట్టి చూసుకోవడానికి కొనేవాడు. అప్పుడు దాన్ని పిచ్చి అనేవాళ్ళు, ఇప్పుడు కలెక్షన్ అంటున్నారు.

నాకు తొమ్మిదేళ్ళు. షెడ్డంటే ప్రాణం. ఆడపిల్లకు అక్కడేం పని అని మా అవ్వ రోజూ సాధించేది. చివరికి ఒక రాజీకి వచ్చింది. "పోతే పో. ఒక్క తప్పు చేసినావంటే మాత్రం, ఇంగ ఆ గడప తొక్కేది లేదు" అని తేల్చేసింది. తాతయ్య కూడా సరే అన్నాడు. ఆ వేసవంతా ఏ తప్పూ చేయకుండా ఉండడమే నా పనైపోయింది.

ఆ వేసవిలోనే శెట్టిగారి జీపు ఒకటి వచ్చింది. ఆయన షరతు ఒక్కటే. బండి మొట్టమొదట గనులకు వచ్చినప్పుడు ఏ రంగులో ఉందో అచ్చంగా అదే రంగు కావాలి. దాని మీద తర్వాత ఎవరెవరో నాలుగు పూతలు వేశారు. తాతయ్య, ఇద్దరు పనివాళ్ళు కలిసి అన్నీ గీకి ఇనుము దాకా తెచ్చారు. డ్యాష్‌బోర్డు వెనక అరచేయంత చోట మాత్రం అసలు రంగును కావాలని వదిలారు. మరునాడు పొద్దున శెట్టిగారు వస్తే, ఆ మచ్చ పక్కన పెట్టి చూస్తూ రంగు కలపాలి. గనుల పిండిమట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీంచి గాలి లేచేలోగా పూత ముగించాలి, లేకపోతే దుమ్మంతా తడి రంగుకే అంటుకుంటుంది.

ఈ సంగతి పెద్దవాళ్ళకు తెలుసు. నాకెవరూ చెప్పలేదు. మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయినప్పుడు నేను జీపులోకి దూరాను. బండంతా తళతళలాడుతోంది, ఆ ఒక్కచోటే మురికిగా ఉంది. మరిచిపోయారు కాబోలు అనుకున్నాను. ఉప్పుకాగితం, అంటే గరుకు కాగితం, తీసుకొని చెయ్యి నొప్పిపుట్టేదాకా రుద్దాను. ఆపైన కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఎవరైనా మెచ్చుకుంటారని గుమ్మంలో నిలబడ్డాను.

తాతయ్యను చెయ్యి పట్టుకొని తీసుకుపోయి నేనే చూపించాను. ఆయన బోర్లించిన డబ్బా మీద కూర్చొని బీడీ తీశాడు, ముట్టించలేదు. పనివాళ్ళలో పెద్దాయన తలపట్టుకొని, "పోచ్చు. అంతా పోచ్చు" అన్నాడు అరవంలో, అంతా పోయిందని. ఆయనే నాకు విషయం విడమర్చి చెప్పాడు. ఉన్నమాట చెప్పాలంటే, నా దిగులు శెట్టిగారి జీపు గురించి కాదు, అవ్వ చెప్పిన గడప గురించి.

తాతయ్య లేచి నా చేతిలో స్పానరు పెట్టాడు. "ఏడ్చేదానికి టైం లేదు పాపా. రంగు యాడికీ పోలేదు, బండిలోనే ఉండాది. పోయి ఎతుకు" అన్నాడు.

వెతికాను. తలుపుల బందుల కింద చూశాను, దీపాల వెనక చూశాను, నేలరేకు కిందికి పాకి చూశాను. నట్టు తర్వాత నట్టు విప్పాను. అన్నీ ముందే విప్పి తుడిచి బిగించినవే, ఎక్కడ చూసినా ఒట్టి ఇనుమే. వేళ్ళ కణుపులు గీసుకుపోయాయి. పొద్దు వాలే సమయానికి తాతయ్య దగ్గరికి వచ్చి, అంతా చూసినాను, యాడా లేదని చెప్పాను.

"అంతానా?"

"దేవుడి బోల్టు తప్ప."

"దేవుడికి బోల్టెందుకే? ఆ బొట్టు పెట్టింది మీ కోసరం. ఊరికే ముట్టద్దండి అంటే ఎవురన్నా ఇంటారా? కుంకం పెడితే ఇంటారు. పో, ఇప్పు."

అయినా ముందు బోల్టును ముట్టి కళ్ళకద్దుకున్నాకే స్పానరు పెట్టాను. బోల్టు కదల్లేదు. తాతయ్య నా చెయ్యి మీద తన చెయ్యి వేసి తిప్పాడు. వాషరు ఊడి వచ్చింది. దాని కింద, రూపాయి బిళ్ళంత పచ్చటి వలయం. ముదురు మామిడాకు మీద దుమ్ము పడితే ఉండే పచ్చ. అప్పుడు ఏడ్చాను.

మరునాడు శెట్టిగారు రాగానే తాతయ్య మొదట చెప్పింది మచ్చ పోయిందనే. పోగొట్టినదాన్ని నన్నే ముందు నిలబెట్టాడు. శెట్టిగారు పెద్ద పొట్టతో తంటాలు పడి సీటు కిందికి వంగాడు. రంగు కలపడానికి గంట పట్టింది. చివరికి శెట్టిగారు "ఇదే" అన్నాడు. గాలి లేచేలోగా పూత ముగిసింది. ఆ వలయం మీద మాత్రం రంగు పడనివ్వకుండా తాతయ్య వాషరు పెట్టి, బోల్టు బిగించి, మళ్ళీ బొట్టు పెట్టాడు.

అవ్వకు సంగతి అప్పటికే చేరింది. సంగటి వడ్డిస్తూ, మనవరాలు తప్పు చేసిందంట కదా అని ఎత్తుకుంది. "చేసింది. పోగొట్టిందీ అదే, ఎతికి తెచ్చిందీ అదే. రేపు కూడా వస్తాది" అన్నాడు తాతయ్య. అవ్వ తెడ్డు ఠప్పుమని పెట్టింది. మరునాడు పొద్దున తన పాత చీర ముక్క చింపి, గ్రీజు అంటకుండా నా లంగా మీద కట్టి పంపింది.

ఆ బోల్టు సంగతి ముందే చెప్పివుంటే సరిపోయేది కదా, సగం రోజు నన్నెందుకు తిప్పావని పెద్దయ్యాక అడిగాను. "ఆ పొద్దే కదా నువ్వు బండంతా చూసింది" అన్నాడు.

నాకిప్పుడు అరవై దాటాయి. అదే షెడ్డులో అదే పని చేస్తున్నాను. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళు ఫోన్లలో ఫోటోలు చూపిస్తారు, ప్రతి బోల్టూ విప్పి కొత్తగా చేయాలంటారు. పోయిన నెల ఒకాయన బండి తీసుకుపోతూ, అన్నీ విప్పారా అమ్మా అని అడిగాడు. ఒకటి తప్ప అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. టార్చి పట్టుకొని బండంతా వెతికాడు. సీటు కింద కుంకుమ కనపడగానే చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాడు. అది దేవుడి బోల్టు కాదని నేను చెప్పలేదు. ఆయన తర్వాత ఆ బండి ఎవరి చేతికి పోతుందో తెలియదు. ఎవరో ఒకరు గీకకూడని చోట గీకుతారు. ఆ రోజు వాళ్ళకు వెతుక్కోవడానికి ఒక చోటు మిగిలి ఉండాలి.