ట్రెడ్‌మిల్ మీద నేను, ఆయాసం మా అత్తకు

దయ్యాలు, గాలి సోకడాలు అని ఎవరైనా మొదలుపెడితే ముందు నవ్వేదాన్ని నేనే. అంబత్తూరులో ఒక కంపెనీలో బోల్టుల కొలతలు సరిచూడటం నా ఉద్యోగం. కొలతకు అందనిదాన్ని నమ్మే అలవాటు లేదు. అందుకే జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తోంది.

పోయిన ఏడాది కంపెనీలో అందరికీ వైద్య పరీక్షలు చేశారు. నా ఈసీజీ చూసి డాక్టరు మొహం మారింది. గుండెకు రక్తం సరిగా అందుతున్నట్టు లేదు, వెంటనే పెద్దాసుపత్రిలో చూపించుకోమన్నారు. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. పెరంబూరులోని మా ఇంట్లో ఉండేది నేను, మా ఆయన, అత్త. ఇద్దరికీ చెప్పలేదు. అసలు అత్తకూ నాకూ అవసరానికి మించి మాటల్లేవు. మర్నాడు డ్యూటీకి వెళ్తున్నట్టే క్యారేజీ సర్దుకుని ఆసుపత్రికి వెళ్ళాను.

ఛాతీకి వైర్లు అతికించి ట్రెడ్‌మిల్ ఎక్కించారు. నడక పరుగైంది. భయంతో నోరెండిపోయింది గానీ ఆయాసం రాలేదు. వేగం పెంచారు. అయినా రాలేదు! ఎవరో ఎత్తుకుని తీసుకెళ్తున్నంత తేలిక. ఇబ్బందిగా లేదా అని డాక్టరు రెండుసార్లు అడిగారు. పదకొండూ ఇరవైకి మెషిన్ ఆపారు. నా గుండెలో ఏ లోపమూ లేదన్నారు.

సంతోషంతో చెప్పులు వేసుకుంటుంటే ఫోన్ మోగింది. అత్త. పగటిపూట ఎప్పుడూ ఫోన్ చేయని మనిషి.

"ఏమే, యాడ ఉండావు? యాడికి పరిగెత్తతా ఉండావు?" రొప్పుతోంది.

"ఏమైంది అత్తా?"

"తోటకూర గిల్లతా కూర్చోనుంటిని. కాలు గూడా కదపలే. ఎవురో తరిమినట్టు ఒకటే ఆయాసం. నువ్వు పరిగెత్తేది కండ్ల ముందర ఆడింది. ఆ పరుగు ఇప్పుడే నిలిచింది. ఎడం చెయ్యి లాగతా ఉంది."

"లేవద్దు అత్తా! ఆడనే పడుకో!" అని అరిచాను.

నేను ఫోన్ చేయగానే పక్కింటామె ఆటోలో ఆమెను నేనున్న ఆసుపత్రికే తీసుకొచ్చింది. గుండెకు వెళ్ళే రక్తనాళం ఒకటి దాదాపు మూసుకుపోయింది. ఆ మధ్యాహ్నమే స్టెంట్ వేశారు. బతికింది!

సాయంత్రం డాక్టరు అత్త ఈసీజీని, నా కంపెనీ ఈసీజీని పక్కపక్కన పెట్టారు. గీతలు ఒక్కలాగే ఉన్నాయి. కంపెనీలో కాగితాలు తారుమారయ్యాయేమో అన్నారు. కానీ అత్తకు అంతకుముందు ఎప్పుడూ ఈసీజీ తీయలేదు. కంపెనీలో ఆ రోజు పరీక్ష చేయించుకున్నవాళ్ళందరికీ మళ్ళీ తీశారు. ఎవరికీ ఏమీ లేదు. నాకు మరో మూడుసార్లు తీశారు. అన్నీ మామూలే.

మర్నాడు వార్డులో అత్త నా చెయ్యి పట్టుకుంది. "నీకేం కాలేదు గదా?"

పదకొండేళ్ళ కాపురంలో ఆమె నన్ను అలా అడగడం అదే మొదలు. ట్రెడ్‌మిల్ సంగతంతా చెప్పేశాను.

"సరే పో. ఇంకమీద పరిగెత్తేటప్పుడు చెప్పి పరిగెత్తు" అంది.

ఇద్దరం నవ్వాం. ఇది ఎలా జరిగిందంటే మాత్రం నాకు తెలియదు. తెలియదనే ఒప్పుకుంటున్నాను. కానీ పొద్దున్నే లోకల్ ట్రైన్ కదులుతున్నా ఇప్పుడు పరిగెత్తను. తర్వాతి ట్రైన్‌కే వెళ్తాను.