గొట్టాలకు సున్నం

నంద్యాల జిల్లాగా ఏర్పడిన తొలి వానాకాలంలో నన్ను ఆళ్లగడ్డకు ఉద్యాన అధికారిగా వేశారు. కాపురం నంద్యాలలోనే. పొద్దున బస్సెక్కి పోవడం, సాయంత్రం తిరిగి రావడం. ఉద్యాన అధికారి అంటే పార్కుల్లో పూలమొక్కలకు నీళ్లు పట్టించే మనిషని మా చుట్టాల్లోనే చాలామంది అనుకునేవారు. కూరగాయలు, పండ్లు, పూలు పండించే రైతుకు విత్తనం నుంచి పందిరి దాకా సలహా చెప్పడం, శాఖ ఇచ్చే సాయాన్ని అర్హులకు చేర్చడం, అది ఎలా నడుస్తోందో చూసి పై అధికారికి చెప్పడం మా పని. ఈ చివరి పనిలోనే నేను తప్పాను.

ఆ ఏడాది ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెలో మహిళా సంఘానికి షేడ్‌నెట్ మంజూరైంది. కమ్మీల మీద పచ్చటి వల కప్పిన పందిరి అది. దాని కింద ఎండ వాడి తగ్గి లేత నారు బతుకుతుంది. సంఘానికి పెద్ద కరుణమ్మ. చర్చి వెనక ఆమెకున్న కాస్త జాగాలోనే పందిరి వేయించాం. జీవితమంతా ఊళ్లోని రైతుల చేలల్లో కలుపు తీసి బతికిన మనిషి. మోకాళ్లు అరిగిపోయాయని డాక్టరు చెప్పాడని, ఇక వంగలేనని నాతో చెప్పుకుంది. నారు పెంచి అమ్ముకుంటే కూలికి పోయే బాధ తప్పుతుందని ఆమె ఆశ. అయితే శాఖ ఒక షరతు పెట్టింది. మొదటి పంటకాలంలో రైతులు నారు మెచ్చి తీసుకుంటేనే వల అక్కడ ఉంటుంది, లేదంటే అడుగుతున్న ఇంకో పల్లెకు పోతుంది.

నారు పెంచడానికి గుంటలున్న ప్లాస్టిక్ ట్రేలు రావాలి. అవి రాలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా బండి బయలుదేరిందనే చెప్పేవారు. తీగ కూరలకు పందిళ్లు వేసుకున్న రైతులు కాలువ నీళ్లు వచ్చేలోపు సొర, కాకర నారు కావాలంటున్నారు. దసరాకు పూయాలంటే బంతి కూడా వెంటనే విత్తాలి. నాకు నంద్యాల బట్టల షాపులు గుర్తొచ్చాయి. గుడ్డ తాను అయిపోగానే లోపలి అట్టగొట్టాన్ని వెనక సందులో పారేస్తారు. తెలిసిన షాపుల్లో అడిగి, గోతాల్లో వేసుకుని బస్సులో తెచ్చాను. కండక్టరు గోతాన్ని, నన్ను మార్చిమార్చి చూసి టికెట్టు కొట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

పద్ధతి మాత్రం మంచిదే. గొట్టాన్ని హాక్సా బ్లేడుతో బెత్తెడు ముక్కలుగా కోసి, టమోటా క్రేట్లలో నిలువుగా, ఒకదానికొకటి ఆనించి పేర్చాలి. కొబ్బరిపొట్టు, వానపాముల ఎరువు కలిపి నింపి ఒక్కో గింజ పెట్టాలి. సొర, కాకర జాతికి వేరు కదిలితే గిట్టదు. గొట్టంతో సహా నాటేస్తే వేరుకు తెలియనే తెలియదు, తడికి అట్ట మెత్తబడి మట్టిలో కలిసిపోతుంది. అట్ట అంచు మట్టి పైకి కనబడకుండా పూడ్చాలి. లేకపోతే అది గాలికి ఆరుతూ లోపలి తడిని వత్తి నూనె పీల్చినట్టు పీల్చేస్తుంది. కరుణమ్మ బృందం ఇదంతా ఒక్క పూటలో పట్టేసింది.

విత్తే రోజు తొలి గింజ పెట్టడానికి జిల్లా నుంచి మా పై అధికారి వస్తానన్నారు. వేరే మండలాల్లో ఆయన వరుసగా పేర్చిన నల్లటి ట్రేలు చూసి వచ్చారు. ఇక్కడేమో గొట్టాల మీద షాపు ముద్రలు, గుడ్డల ధరలు, మరకలు. ఊళ్లో పిల్లలు అప్పటికే దాన్ని అట్టల తోట అంటున్నారు. నాకు చెప్పలేనంత నామోషీగా ఉంది. ముందురోజు బస్సెక్కబోతూ కరుణమ్మతో, సార్ వచ్చేసరికి ఇవి చెత్తకుప్ప మాదిరి కనబడకుండా చూడమని చెప్పాను. ఎలాగో చెప్పలేదు.

క్రిస్మస్ వస్తే వాళ్లు ఇంటికి ఏం చేస్తారో గొట్టాలకూ అదే చేశారు. సున్నం తడిపి, లోపలా బయటా పూసి, పై అంచుకు ఎర్రజాజు పట్టీ తీర్చారు. మర్నాడు నేను వెళ్లేసరికి తెల్లటి గొట్టాలు బారులు తీరి ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. వేళ్లకు తెల్లగా అంటింది.

"బాగుందా మేడం?" అని కరుణమ్మ అడిగింది.

చాలా బాగుందన్నాను. సున్నం ఎక్కువైన నేలలో మొక్క ఇనుము అందక పాలిపోతుందని, ఇనుముండే అన్నభేది పిచికారీ చేసుకోవాలని చీనీ, అంటే బత్తాయి తోటల రైతులకు నా సర్వీసంతా చెప్పినదాన్ని నేను. ఆ పొద్దు ఫోటో ఎలా వస్తుందన్నది తప్ప వేరే ఆలోచన లేదు. సార్ వచ్చి గింజ పెట్టి, ఫోన్‌లో ఫోటో తీసుకుని, శుభ్రంగా ఉందని మెచ్చుకుని వెళ్లారు.

నారు మొలిచింది. అసలాకులు విప్పేసరికి పసుపు తిరిగింది. ఈనెలు మాత్రం పచ్చగా, మిగతా ఆకంతా పాలిపోయింది. ఒక గొట్టం చించి చూస్తే గోడకు తగిలిన వేళ్ల కొనలు మాడి గోధుమరంగులో ఉన్నాయి. అన్నభేది కొట్టించాను, కొంత తేరుకుంది గాని నాటే బలం రాలేదు. అదే సమయానికి సుబ్బారెడ్డి వచ్చాడు. ఊళ్లో పెద్ద కూరగాయల పందిరి ఆయనదే. ఆయన నారు తీసుకుంటే మిగతావాళ్లు తీసుకుంటారు, ఆయన వద్దంటే ఎవరూ ముట్టరు.

"ఏంది మేడం, నారుకు పచ్చకామెర్లు వచ్చినట్లుండాయే" అన్నాడు. తర్వాత గొట్టాన్ని గోటితో గీకి చూశాడు. "ఈ సున్నమేంది? ఎవురు పూయమన్నారు?"

కరుణమ్మ నా వైపు చూసింది. నేను గొట్టాల వైపు చూశాను. ఆమె సుబ్బారెడ్డి వైపు తిరిగి, "మేమే పూసినాం రెడ్డన్నా. సార్ వస్తాడని పూసినాం" అంది.

"గింజ పెట్టే గొట్టానికి సున్నం పూసినారా? ఇల్లు అలికినట్ల నారు పెంచుతారాప్పా ఎవురన్నా? మీతో అయ్యే పని కాదులే ఇది. నేను పాణ్యం పోయి తెచ్చుకుంటా." అని బండి తీశాడు. నేను పక్కనే ఉన్నాను. సున్నం నేను చూశానని, బాగుందని నేనే అన్నానని ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన కోపం నా మీదికి మళ్లేది. ఆఫీసరమ్మ తప్పయితే మళ్లీ విత్తించి చూద్దామనేవాడు.

ఆ వారంలోనే పై అధికారి ఫోన్ చేశారు. ఇంకో పల్లెవాళ్లు వల కోసం ఆయన దగ్గర కూర్చున్నారు. సున్నం సంఘంవాళ్లే పూశారట కదా అని అడిగారు. అవును సార్, వాళ్లే పూశారు అన్నాను. అందులో అబద్ధం లేదు. నా ఉద్యోగ జీవితంలో అంతకంటే సిగ్గుమాలిన మాట నేను ఆడలేదు. నా తప్పని చెప్తే వాళ్లకు ఇంకో అవకాశం దొరికేది, నాకు మహా అయితే ఒక మెమో వచ్చేది. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం, జవాబు రాసిస్తే ఫైల్లోకి పోయేది. దానికి భయపడ్డాను.

వల విప్పించడం కూడా నా డ్యూటీయే. ఇద్దరు మనుషులు కమ్మీలు పీకి, వల చుట్టి ట్రాక్టరులో వేశారు. కరుణమ్మ బయటికి రాలేదు. తరువాతి వారం ఆళ్లగడ్డకు పోతూ బస్సు కిటికీలోంచి చూశాను. సుబ్బారెడ్డి మిరప చేలో ఆమె మోకాళ్ల మీద పాకుతూ కలుపు తీస్తోంది. సీటులో కిందికి జారి కూర్చున్నాను.

రిటైరైన కొన్నాళ్లకు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆ పల్లెకు పోయాను. కరుణమ్మ కుర్చీ వేసింది, టీ ఇచ్చింది. జరిగినదంతా చెప్పాను. ఫోన్‌లో సార్‌తో ఏమన్నానో కూడా దాచలేదు. ఊళ్లో నలుగురిని పిలిపిస్తే వాళ్ల ముందూ చెప్తానన్నాను. ఆమెకు కోపం రాలేదు. వచ్చి ఉంటే నాకు బాగుండేది.

"మాకు తెలీదనుకున్నావా మేడం? రెడ్డన్న వచ్చిన పొద్దే తెలుసు. నువ్వు చెప్తావేమోనని చూసినా" అంది. టీ గ్లాసు తీసుకుంటూ, "ఆ పొద్దు చెప్పింటే మాకు పనికొచ్చేది. ఇప్పుడు చెప్తే నీకే పనికొస్తాది. ఎవుర్నీ పిలిపించొద్దులే" అంది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉద్యాన అధికారులు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతుంటారు. అట్టగొట్టాల పద్ధతి చెప్తాను, ఏ పూతా పూయనివ్వద్దంటాను. పై అధికారి కారణం అడిగినప్పుడు ముందు తమ పేరు చెప్పి, ఆ తర్వాతే మిగతావాళ్ల పేర్లు చెప్పమంటాను. ఎందుకని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగితే ముందు నా పేరు, ఆ తర్వాత కరుణమ్మ పేరు చెప్పాలి.