చిన్నమ్మ తెచ్చిన ఫ్యాను

మొన్న ఆదివారం మనవరాలిని కృష్ణగిరి దగ్గర చెరువులో బోటు ఎక్కించడానికి తీసుకుపోయాను. టికెట్లు కొనుక్కుని మెట్ల మీద నిలబడి ఉన్నాం. బోటు నడిపే ఆయన మోటారును పైకి వాల్చి, నీళ్లు కారుతున్న ప్రొపెల్లర్ రెక్కల అంచుల మీద బొటనవేలు మెల్లగా జరుపుతున్నాడు. ఒక రెక్క దగ్గర వేలు ఆగింది. మళ్లీ ఒకసారి తడిమి, ఏమీ లేదన్నట్టు తల ఊపి, మోటారును నీళ్లలోకి దించాడు. "తాతా, ఆయప్ప ఏం చూస్తా ఉండాడు?" అని అడిగింది పిల్ల. చెప్పబోయాను గానీ, బోటు కదిలింది, పిల్ల ధ్యాస నీళ్ల మీద పడింది, నా మాట ఎవరికీ అక్కరలేకపోయింది. ఆ అరగంటా నేను ఆ బోటులో లేను. మా చిన్నమ్మ బోటులో ఉన్నాను.

మా అమ్మకు ఒక్కతే చెల్లెలు ఆమె. కెలమంగలం పక్కన పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టి, కృష్ణగిరి డ్యాము వెనకాల నీటి ఒడ్డున ఉన్న ఒక ఊరికి కోడలుగా పోయింది. పట్టుపురుగుల ఇంట్లో పెరిగినవాళ్లకు ఒక గుణం ఉంటుంది. చప్పుడు వింటారు. పురుగులు ఆకు తినే చప్పుడు వానలా ఉంటే బాగున్నట్టు, సన్నగిల్లితే ఏదో జబ్బు చేసినట్టు. మా చిన్నమ్మ అన్నం ఉడికే చప్పుడు విని పొయ్యి తగ్గించేది, గేటు తీసిన చప్పుడు విని వచ్చింది ఎవరో చెప్పేది. చిన్నాయన వచ్చే చప్పుడు మాత్రం ఊరంతటికీ తెలిసేది. ఆయన మోపెడ్‌ను కూడా ఎవరో తరుముకొస్తున్నట్టే నడిపేవాడు. నిదానంగా పోవడమంటే ఆయనకు అవమానం. పెళ్లిలో ఏడడుగులు కూడా పరుగున వేశాడని, పంతులు మంత్రం వెనకబడిపోయిందని మా అమ్మ చెప్పి నవ్వేది.

వాళ్ల మామిడితోట నీటికి అవతల ఉంది. తోట వెనక నిలువునా కొండ, దారి లేదు. ఊరికీ తోటలకూ మధ్య ఉన్నది ఒక పల్లపు వంతెన. నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు దాని మీద ట్రాక్టర్లు పోయేవి. డ్యాము నిండిన నెలల్లో అది మునిగిపోతుంది కాబట్టి, చిన్నాయన ఒక ఫైబరు బోటు పెట్టుకున్నాడు. దానికి సముద్రం పక్క ఊరినుంచి పాత మోటారు ఒకటి కొనుక్కొచ్చాడు. పది గుర్రాల మోటారు. అమ్మినవాడు దాన్ని తేలికపాటి బోటుకు కట్టి షికారుకు వాడుకున్నాడట. ఒక్క మనిషితో పోతుంటే బోటు ముక్కు ఎత్తి దూసుకుపోయేది. చిన్నాయన చొక్కా గాలికి బుడగలా ఉబ్బేది. చిన్నమ్మ రెండు చేతులతో బోటు అంచు పట్టుకుని, "నీళ్ల మీద పోతా ఉండామో, గాల్లో పోతా ఉండామో ఆ దేవునికే తెలియాల" అనేది. ఆ వేగం చూసుకునే ఆయన ఆ మోటారును ప్రేమించాడు.

ఇప్పుడు చెప్పబోయేది ఒక వేసవి సంగతి. నేను హోసూరులో ఫ్యాక్టరీ పని మానేసి ఇంట్లో కూర్చున్న కొత్తలో, పని లేక కాలు నిలవక, మామిడికోతలకు చిన్నమ్మ ఊరికి పోయాను. కోతల కాలంలో కృష్ణగిరి చుట్టుపక్కల గాలికే ఒక తీపి ఉంటుంది. లారీ టార్పాలిన్లకు, బస్సు సీట్లకు, మనుషుల చేతులకు అదే వాసన. ఆ ఏడు కాయ విరగకాసింది. అంతకు ముందు రెండేళ్లు పూత మాడిపోయి కాపే లేదు. అందుకని చిన్నమ్మ వాళ్లతోపాటు అవతల తోటలున్న ఇంకో మూడు కుటుంబాలు కూడా ఈ కాపు మీదే ఆశ పెట్టుకున్నాయి. సరిగ్గా కోత మొదలయ్యే వారంలో, ఎగువన ఎక్కడో కర్ణాటక వైపు, పెద్ద వానలు పడ్డాయి. ఎన్నడూ లేనిది వేసవిలో డ్యాముకు నీళ్లు ఎగదన్నాయి. పల్లపు వంతెన మునగడమే కాదు, నడుమ ఎండుపుల్ల విరిగినట్టు విరిగిపోయింది.

అవతల చెట్ల నిండా తోతాపురి కాయలు. ఇవతల గుజ్జు ఫ్యాక్టరీకి కాయ తోలే మండీ ఆయన లారీ. ఆయన ఒడ్డున నిలబడి నీళ్లను, తోటలను మార్చి మార్చి చూసి, "ఈ వారంలో కాయ ఈ ఒడ్డుకు వస్తే నాది. రాకపోతే లారీని కల్లావి తోటల పక్క తోలుకుంటాను. మీ మీద కోపం కాదప్పా, కాయ ఆగదు కదా" అన్నాడు. ఆయన చెప్పింది న్యాయమే. పండిపోయిన కాయ ఫ్యాక్టరీకి పనికిరాదు, చెట్టు కిందనే ఈగల పాలు.

ఊళ్లో మోటారు బోటు ఉన్నది చిన్నాయనకు ఒక్కడికే. అవతల ఒడ్డున కాయల ట్రేలు నింపి బోటులో పేర్చారు. చిన్నాయన తాడు లాగి స్టార్టు చేసి, ఎప్పటిలాగే వేగం పెంచే పిడి పూర్తిగా తిప్పాడు. బోటు ముక్కు ఎత్తింది, వెనక భాగం నీళ్లలో కూరుకుంది, మోటారు గొంతు నొక్కినట్టు మూలిగింది. పొగ లేచింది గానీ ఒడ్డు దూరం కాలేదు. సగం ట్రేలు దించాక ఎలాగో ఈ పక్కకు చేరారు. మోటారు మూత మీద చెయ్యి పెట్టలేనంత వేడి. ఇలా పోతే వారం కాదు, నెలయినా కాయ తరలదు. ఒడ్డున చేరినవాళ్లలో ఒక్కొక్కరిది ఒక్కో సలహా. ఒకరు పెట్రోలులో కల్తీ అన్నారు. ఇంకొకరు దిష్టి అన్నారు. ఎక్కువమంది మోటారు ముసలిదైపోయింది, పెద్దది కొనాలి అన్నారు. చిన్నాయన తువ్వాలుతో మోటారు తుడుస్తూ కూర్చున్నాడు. జబ్బుపడిన ఎద్దు పక్కన రైతు కూర్చున్నట్టే ఉంది ఆ కూర్చోవడం.

చిన్నమ్మ నా దగ్గరికి వచ్చి, "అప్పా, దాని గొంతు ఇన్నావా? ముసిలిదాని దగ్గు కాదది. మోయలేనిది ఎత్తిచ్చినప్పుడు మూలిగే మూలుగు" అంది.

అది నాకు తెలిసిన విషయానికి దగ్గరగా వచ్చింది. హోసూరులో స్కూటర్లు బాగుచేసే నా స్నేహితుడి దగ్గర, ప్లగ్గు వైరుకు తగిలిస్తే ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరు ఉంది. మరునాడు పోయి తెచ్చాను. ఆ మోటారు పూర్తిగా తిప్పినప్పుడు ఐదు వేల పైన తిరగాలి. బరువుతో నాలుగు వేలు కూడా దాటడం లేదు. అక్కడందరూ ఫ్యాను అనే ప్రొపెల్లర్ ఊడదీసి చూస్తే నడుమ బొడిపె మీద రెండు అంకెలు చెక్కి ఉన్నాయి. మొదటిది రెక్కల అడ్డుకొలత. రెండోది పిచ్. చిన్నమ్మకు చెక్కలో స్క్రూ దిగినట్టు అని చెప్పాను. ఒక్క చుట్టు తిరిగితే ఫ్యాను నీళ్లలో ఎంత ముందుకు దూరాలో ఆ అంకె చెబుతుంది. దీనికి పన్నెండు అంగుళాలు. తేలిక బోటుకు సరి, బరువుకు ఎక్కువ.

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "అంటే నాగలి లోతుకు పెట్టి దున్నమన్నట్టు. ఎద్దు మంచిదే, కర్రు లోతు దిగిపోయింది. కర్రు పైకి ఎత్తితే అదే ఎద్దు పోతుంది."

నేను ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఎందరికో ఎన్నో వివరించాను. ఇంత సులువుగా ఎవరికీ ఎక్కలేదు.

హోసూరులో వీధికొక లేతు మిషను ఉంది. విమానానికి కావలసిన బోల్టు కూడా చేసిపెట్టేవాళ్లు ఉన్నారు గానీ, బోటు ఫ్యాను అడిగితే నవ్వారు. సముద్రం లేని ఊళ్లో ఎవరు పెట్టుకుంటారు? చెన్నైలో చేపల రేవు పక్కన దొరుకుతాయన్నారు. చిన్నాయన ఒడ్డు వదలనన్నాడు. కాబట్టి తెల్లవారకముందే చిన్నమ్మా నేనూ బస్సెక్కాం. పాత ఫ్యానును తువ్వాలులో చుట్టి వైరు బుట్టలో పెట్టి ఒళ్లో ఉంచుకుంది. కండక్టరు చూసి తమిళంలో, ఇంట్లో కరెంటు లేదా అమ్మా, ఫ్యానును ఊరేగిస్తున్నావే అన్నాడు. "దీనికి కరెంటు వద్దప్పా, నీళ్లు కావాల" అని ఆమె తమిళంలోనే జవాబిచ్చింది. కండక్టరుకు వేలూరు వరకూ అది అర్థం కాలేదు.

రేవు పక్క అంగడివాడు మొదట తళతళలాడే స్టీలు ఫ్యాను తీసి బల్ల మీద పెట్టాడు. ఎన్నేళ్లయినా చెక్కుచెదరదన్నాడు. చిన్నమ్మ దాన్ని తిప్పి చూసి, "మా నీళ్లలో మునిగిన గట్లు ఉండాయి, రాళ్లు ఉండాయి. రాయి తగిలితే ఏమవుతుంది?" అని అడిగింది. ఫ్యానుకేమీ కాదన్నాడు. "మరి ఆ దెబ్బ యాడికి పోతుంది?" అంది. అంగడివాడు మొదటిసారి ఆమెను పూర్తిగా చూశాడు. నిజం చెప్పేశాడు. లోపల గేర్లకు పోతుందమ్మా అన్నాడు. "అయితే అల్యూమినియందే ఇవ్వు. రెక్క వంగినా వంగనీ, కడుపు నిలవాల." ఆ తర్వాత వాళ్లిద్దరూ చుట్టాల్లా మాట్లాడుకున్నారు. పాత ఫ్యాను లోపలి పళ్లు కొత్తదానితో సరిపోల్చి, అదే అడ్డుకొలత, తొమ్మిది అంగుళాల పిచ్ ఉన్న మూడు రెక్కల ఫ్యాను ఎంచి ఇచ్చాడు. మేం బయలుదేరేటప్పుడు ఒక మాట కూడా చెప్పాడు. బరువుతో పోయేటప్పుడు పూర్తిగా తిప్పండి, ఖాళీగా వచ్చేటప్పుడు మాత్రం అంత తిప్పొద్దు, ఇంజను హద్దు మీరి తిరిగి పాడవుతుంది అని.

ఊరు చేరాక ఆ మాట చెబితే చిన్నాయన ముఖం చిన్నబోయింది. "ఖాళీ బోటును మెల్లగా నడపాలనా?" అన్నాడు. "ఔ. కాయ ఒడ్డు చేరేదాకా" అంది చిన్నమ్మ. ఆయన మెడ మీది తువ్వాలు సర్దుకుని, "సరే కానీ" అన్నాడు. ఆయన జీవితంలో అంతకన్నా పెద్ద త్యాగం నేను చూడలేదు.

ఫ్యాను బిగించడం ఆమే చేసింది, నేను పక్కన ఉన్నాను. ముందు మోటారు దానంతటది తిరగకుండా, నడిపేవాడు చేతికి కట్టుకునే, ఊడితే ఇంజను నడవని ఎర్రతాడు పీకి పక్కన పెట్టించాను. ఇరుసు తుడిచి గ్రీజు రాసింది. వాషరును సరైన ముఖం పెట్టి తొడిగింది. నట్టు బిగించి కొత్త పిన్ను గుచ్చి చివరలు మడిచింది. బొడిపెలో రబ్బరు బుష్ ఉంటుంది. అది జారితే మోటారు అరుస్తుంది, బోటు కదలదు. అందుకని బయటి బొడిపె మీదినుంచి లోపలి గొట్టం మీదికి గోళ్లరంగుతో ఒక గీత గీసింది. ఆ గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే రబ్బరు జారినట్టు. గోళ్లరంగు కోడలిది.

మరునాడు పొద్దున పేర్చిన ట్రేలు మొదటిరోజు పేర్చినన్ని. ఒక్కటి కూడా తగ్గించనివ్వలేదు ఆమె. చిన్నాయన పిడి తిప్పాడు. మోటారు గొంతు మారింది. మూలుగు పోయి సమంగా, గట్టిగా పలికింది. నేను మీటరు చూస్తున్నాను, ఐదు వేలు దాటింది. చిన్నమ్మ మీటరు వైపు చూడలేదు. కళ్లు మూసుకుని వింటూ, "తింటా ఉండాది" అంది. పట్టుపురుగులను అనే మాట అది. బోటు ముక్కు దించుకుని, బరువు మోసుకుని, నిబ్బరంగా ఇవతలి ఒడ్డుకు సాగింది. ఒడ్డున ఉన్నవాళ్లు మొదట నమ్మలేదు. ట్రేలు దించేటప్పుడు నమ్మారు.

అన్నీ అలాగే జరిగి ఉంటే చెప్పడానికి ఇంత ఉండేది కాదు. మూడో రోజు మధ్యాహ్నం, నీళ్ల నడిమధ్యలో, మేం ముగ్గురం ఉన్న నిండు బోటు ఉన్నట్టుండి ఆగింది. ఎవరిదో తెగిపోయిన చేపల వల ఫ్యానుకు చుట్టుకుంది. గాలి తిరిగి బోటును విరిగిన వంతెన వైపు తోయడం మొదలుపెట్టింది. నీటిపైకి పొడుచుకొచ్చిన కమ్ములు కనబడుతున్నాయి. చిన్నాయన తాడు లాగబోతే చిన్నమ్మ చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడు లాగితే వల లోపలికి దూరుతుంది. నీళ్లు రానివ్వని సీలు కోసుకుపోయి గేర్లలోకి నీళ్లు దిగుతాయి. తెడ్డు పట్టు." ఆయన తెడ్డు వేసి బోటును కమ్ములనుంచి అడ్డంగా నెట్టాడు. నేను ఎర్రతాడు పీకి మోటారును వాల్చాను. ఆమె బోటు వెనక అంచు మీద బోర్లా పడుకుని, కాయలు కోసే కొడవలితో ఒక్కొక్క పోగూ కోసింది. తెగిన పోగులు నేను లాగి బోటులో వేశాను. కమ్ములు తెడ్డుకు తగిలేంత దగ్గరికి వచ్చేసరికి ఆఖరి పోగు తెగింది. నేను మోటారును దించి ఎర్రతాడు తగిలించగానే, "ఇప్పుడు లాగు" అంది. మొదటి లాగుడుకే మోటారు పలికింది.

ఒడ్డు చేరాక అందరూ నీళ్లు తాగమంటుంటే, ఆమె ఫ్యాను ఊడదీసి వాషరు వెనక మిగిలిన నైలాను దారం గుండుసూదితో లాగింది. గేర్ల నూనె ఒక చుక్క తీసి వేలి మీద చూసింది. నీళ్లు కలిస్తే అది పాలలా తెల్లబడుతుంది. తెల్లబడలేదు. గోళ్లరంగు గీత కదల్లేదు. ఒక రెక్కకు అంచు కొద్దిగా మొక్కపోయింది. దాన్ని ఆకురాయితో నునుపు చేసి, బొటనవేలు జరిపి చూసి, "ఇంక ఎత్తండప్పా" అంది.

వారం తిరిగేసరికి నాలుగు కుటుంబాల కాయా ఈ ఒడ్డున ఉంది. ఆఖరి బోటులో చిన్నమ్మ ట్రేల మీద కూర్చుని వచ్చింది. మండీ ఆయన స్వయంగా నీళ్లలోకి దిగి బోటు ముక్కు పట్టుకున్నాడు. "ఏమమ్మా, పెద్ద మోటారు కొన్నారా?" అని అడిగాడు. చిన్నాయన ఆమెకన్నా ముందే, ఛాతీ విరుచుకుని, "అదే మోటారప్పా. మా ఇంటిది లోతు సరిచేసింది" అన్నాడు. లారీ హారను మోగిస్తూ కదిలింది. ఊళ్లోవాళ్లు ఎవరో పండిన కాయలు కోసి పంచారు. చిన్నమ్మ గ్రీజు చేతులతోనే తిన్నది. అంత ఆనందంగా ఆమె దేన్నీ తినడం నేను ఎరగను.

తర్వాత రెండేళ్లకు ఎత్తుగా కొత్త వంతెన కట్టారు. ఇప్పుడు డ్యాము ఎంత నిండినా దాని మీద లారీలే పోతాయి. మొన్న ఊరికి పోయినప్పుడు ఆ వంతెన గోడ మీద పిల్లలు వరుసగా కూర్చుని కాళ్లు ఊపుతున్నారు. ఇక్కడ ఒకప్పుడు దారి లేదురా అంటే, వాళ్లు నా వైపు జాలిగా చూశారు. వాళ్ల లెక్కలో ఆ వంతెన కొండతోపాటు పుట్టింది. ఒక వేసవి ఎంత వెడల్పో దాన్ని దాటినవాళ్లకే తెలుస్తుంది. తర్వాత వచ్చినవాళ్లకు అది ఒట్టి నీళ్లు.