సార్ తిట్టడం మానేశాక

మా ఆఫీసులో ట్రైనింగ్ అంటే తిట్లు తినడమే. వేరే పద్ధతి ఒకటి ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. తొంభైల మొదట్లో ఘాజియాబాద్‌లో, ఫ్యాక్టరీలకు ఎయిర్ కంప్రెసర్లు అమ్మే ఒక కంపెనీలో సేల్స్ ఇంజినీరుగా చేరాను. నా పై అధికారి కడప జిల్లా మనిషి. వైమానిక దళంలో విమానాల ఇంజన్లు బాగుచేసి, అక్కణ్ణుంచి రిటైరై ఇటు వచ్చారు. భార్యది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం కాబట్టి ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉండేవారు. ఆఫీసు మొత్తానికి తెలుగువాళ్ళం మేమిద్దరమే. అందుకని తిట్లలో సింహభాగం నాకే వచ్చేది, అదీ అచ్చ కడప తెలుగులో.

నాది ఏలూరు. ఆ రోజుల్లో మెకానికల్ చదివిన అమ్మాయికి ఏ కంపెనీ అయినా డ్రాయింగ్ బోర్డు ముందు కుర్చీ వేసేదే గానీ, ఫ్యాక్టరీలు తిరిగి సరుకు అమ్ముకురమ్మని పంపేది కాదు. ఈయన మాత్రం ఇంటర్వ్యూలో ఒకటే అడిగారు.

"ఎండల్లో తిరగల్ల, బట్టలకు నూనె మరకలు పడ్తాయి, తిట్లు తినల్ల. అయితాదా?"

అవుతుందన్నాను. తిట్ల సంగతి అప్పటికి ఊరికే అన్నారనుకున్నాను. ఏదేమైనా ఆయన దగ్గర పని నేర్చుకుని, ఆయన లేకుండా ఒంటరిగా ఒక ఫ్యాక్టరీలోకి వెళ్ళి, ఆర్డరు తెచ్చి చూపించాలి. అప్పట్లో నాకున్న ఆశ అదొక్కటే. మునిర్కాలో ఇద్దరు తెలుగు స్టూడెంట్లతో కలిసి ఒక గది అద్దెకు తీసుకుని, పొద్దున్నే బస్సులు మారి మారి ఘాజియాబాద్ చేరేదాన్ని. ఆఫీసు మెట్లెక్కే సరికే సగం ప్రాణం పోయేది. మిగతా సగం సార్ తీసేవారు.

ఆయన నేర్పే తీరు విచిత్రంగా ఉండేది. కస్టమరు ఫ్యాక్టరీకి మధ్యాహ్నం భోజనాల వేళకే తీసుకెళ్ళేవారు. పనివాళ్ళంతా డబ్బాలు విప్పుకుని బయట కూర్చుంటారు, లోపల యంత్రాలన్నీ ఆగిపోయి ఉంటాయి. "ఇప్పుడు విను," అనేవారు. యంత్రాలు ఆగాయంటే గాలితో ఎవరికీ పని లేదు. అయినా మూలన కంప్రెసర్ రొప్పుతోందంటే, పైపుల్లో ఎక్కడో గాలి కారిపోతోందని లెక్క. ఆ పైపుల వెంట చెవులు రిక్కించుకుని నడవాలి. కారే చోటు పట్టుకుని ఓనరుకు చూపిస్తే, మనం చెప్పే తక్కిన మాటలు కూడా నమ్ముతాడు. ఇది నాకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు. సార్ చెప్పారు, కాకపోతే ఇలా చెప్పారు:

"ఏమ్మే, చెవులు యాడ పెట్టుకున్యావ్? బుస్సుమంటాంటే పామనుకున్యావా? అంత దూరం నిలబడినావ్!"

పనివాళ్ళు రొట్టె ముక్క చేతిలో పట్టుకుని మరీ మావంక చూసేవాళ్ళు. భాష తెలియకపోయినా తిట్టు తిట్టేనని ఎవరికైనా తెలుస్తుంది. ఆ ఫ్యాక్టరీల్లో వెళ్ళి ఏడుద్దామంటే ఆడవాళ్ళకు బాత్రూమ్ కూడా ఉండేది కాదు. వ్యానులో ఫైలు అడ్డం పెట్టుకుని ఏడ్చేదాన్ని. ఆఫీసులో నా పక్క సీటు మీరట్ కుర్రాడు మాత్రం నా మొహం చూడగానే, "ఆజ్ కిత్‌నీ ఇడ్లీ మిలీ, మేడమ్‌జీ?" అనేవాడు. ఇవాళ ఎన్ని ఇడ్లీలు పడ్డాయని అడగడమన్నమాట. సార్ తెలుగులో తిట్టడాన్ని వాళ్ళంతా ఇడ్లీ పెట్టడం అనేవాళ్ళు. వాళ్ళకూ పెట్టేవారు లెండి, హిందీలో.

తిరుగు దారిలో మోహన్ నగర్ చౌరస్తా దగ్గర వ్యాను ఆపించి, చాయ్, బ్రెడ్ పకోడా చెప్పేవారు. ప్లేటు నా వైపు నెట్టి, అంతవరకూ తిట్టిన మనిషి తాను కానట్టు, ఆ రోజు జరిగిందంతా మొదటి నుంచీ విప్పి చెప్పేవారు. ఓనరు ఎక్కడ మొహం తిప్పుకున్నాడు, నేనెక్కడ తొందరపడి ధర చెప్పేశాను, ఏ ప్రశ్న అడగల్ల, ఏది అడక్కూడదు. నేను మొహం మాడ్చుకునే పకోడా తినేదాన్ని. కానీ మర్నాడు మరో ఫ్యాక్టరీలో ఆ ప్రశ్న నా నోట్లోంచి దానంతటది వచ్చేది. నన్ను ఆడపిల్లనని సుకుమారంగా చూడని ఒకే ఒక్క మగవాడు ఆ పారిశ్రామికవాడ మొత్తంలో ఆయనేనని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

తర్వాత మా కంపెనీ ఒక విదేశీ కంపెనీతో చేతులు కలిపింది. దాంతో గోడల రంగులు మారాయి, విజిటింగ్ కార్డులు మారాయి, మనుషులు కూడా మారాలన్నారు. అందర్నీ సూరజ్‌కుండ్ దగ్గర ఒక హోటల్లో వర్క్‌షాపుకు తీసుకెళ్ళారు. బొంబాయి నుంచి ట్రైనర్ వచ్చాడు. మాటకు ముందు చప్పట్లు, మాటకు వెనక చప్పట్లు. గ్రోత్ అనే మాట అతని నోట్లో నిమిషం ఆరకుండా నానింది. మాచేత కళ్ళు మూయించాడు, బంతులు విసిరించాడు, ఒకరి వీపు మీద ఒకరు తట్టించాడు. సార్ కొత్త టై బిగించుకుని, బడిలో కూర్చున్నట్టు వెనక వరసలో బుద్ధిగా కూర్చున్నారు. నిజం చెప్పొద్దూ, నాకు నవ్వొచ్చింది.

ఆఖరున హాలు మధ్యలో ఒక కుర్చీ వేశాడు ట్రైనర్. మేనేజర్లు ఒక్కొక్కరే వచ్చి అందులో కూర్చోవాలి. కింద పనిచేసేవాళ్ళు లేచి, ఆ మేనేజరు మానుకోవాల్సిన పని ఒకటి మొహం మీదే చెప్పాలి. మేనేజరు ఎదురు మాట్లాడకూడదు, థాంక్యూ అని ఊరుకోవాలి. ఇక్కడి మాట ఈ గోడలు దాటదని హామీ ఇచ్చాడు.

ఢిల్లీలో పుట్టి పెరిగినవాళ్ళు గడుగ్గాయిలు. ఒకడు లేచి తన మేనేజరుతో, "సార్, మీరు మరీ ఎక్కువ కష్టపడతారు, అది మానుకోండి," అన్నాడు. ఇంకొకడు, "మీ ఆరోగ్యం పట్టించుకోకపోవడం మానుకోండి," అన్నాడు. పొగడ్తకు తప్పు వేషం వేసి పంపుతున్నారన్నమాట. నాకా తెలివి లేదు. కస్టమరు సూటిగా అడిగితే సూటిగానే చెప్పాలని సార్ దగ్గర నేర్చుకున్న పిల్లను. ఇంతలో మా సార్ వచ్చి కుర్చీలో కూర్చున్నారు. మీరట్ కుర్రాడు లేచి, సార్ మరీ తక్కువ సెలవులు వాడుకుంటారని బాధపడ్డాడు. తర్వాత నా వంతు.

"సార్, అందరి ముందూ తిట్టడం మానుకోండి," అన్నాను, ఇంగ్లీషులో. అక్కడితో ఆగుంటే సరిపోయేది. ట్రైనర్ కళ్ళు వెలిగాయి, ఇంకా చెప్పు అన్నట్టు చెయ్యి ఊపాడు. నాకూ ఊపొచ్చింది. "మీరు అరుస్తుంటే నాకు అరుపే వినిపిస్తుంది. మీరేం నేర్పుతున్నారో ఒక్క ముక్క కూడా వినిపించదు," అన్నాను.

చప్పట్లు మోగాయి. సార్ థాంక్యూ అన్నారు. ట్రైనర్ నా ధైర్యాన్ని మెచ్చి ఒక చాక్లెట్ ఇచ్చాడు, నేను అది అక్కడే తినేశాను.

చెప్పింది అబద్ధమా? కాదు. ఆయన అరుపులు నాకు నిజంగానే నొప్పి పుట్టించాయి, ఇవాళ ఎవరైనా అలా అరిస్తే నేనే ఊరుకోను. కానీ రెండో మాట మాత్రం చప్పట్ల కోసం వచ్చింది. మొదటి మాట నాది, రెండోది ఆ హాలుది.

సోమవారం ఆఫీసుకు వెళితే సార్ "గుడ్ మార్నింగ్" అన్నారు. ఆ మాట అందరికీ అన్నారు. వర్క్‌షాపులో నేర్పిన పద్ధతిలో, ముందొక మంచి మాట, మధ్యలో తప్పు, ఆఖర్న మళ్ళీ మంచి మాట చెప్పడం మొదలుపెట్టారు. "మీ చేతిరాత బాగుంది. పార్టీ మన చెయ్యి జారిపోయింది. టైముకు వస్తారు, అది బాగుంది," అన్నారు ఒకసారి నాతో. పాపా, ఏమ్మే అని పిలిచిన నోటితో ‘మీరు’ అంటుంటే కొత్త చెప్పులు వేసుకుని నడుస్తున్నట్టు తడబడేవారు. మేం చాటుకు వెళ్ళి నవ్వుకున్నాం. మీరట్ కుర్రాడు నాకు సమోసాలు తినిపించి, "దీదీ, ఆప్ నే తో కమాల్ కర్ దియా," అని, అద్భుతం చేశానని మెచ్చుకున్నాడు. ఆఫీసంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది. నేనూ పీల్చుకున్నాను, అబద్ధమెందుకు.

ఆ వేసవిలో నా చేతిలో ఒక పని చెడింది. ప్లాస్టిక్ సీసాలు చేసే ఫ్యాక్టరీకి నేనొక్కదాన్నే వెళ్ళి, ఓనరు చెప్పిందంతా నమ్మి, చిన్న కంప్రెసర్ సరిపోతుందని రాసిచ్చాను. కొత్త యంత్రాలు వేసే ఆలోచన ఉందా అని అడగనే లేదు. మెషిను బిగించాక రెండు యంత్రాలు పెరిగాయి, గాలి చాలక మొత్తం లైను కుంటుపడింది. ఓనరు ఫోనులో మా వంశాన్నంతా తలుచుకున్నాడు. సార్, నేను పరుగెత్తాం. ఆయన ఓనరుకు క్షమాపణ చెప్పి, పెద్ద మెషిను మార్చి ఇస్తామని ఒప్పించి వచ్చారు.

వ్యానులో నేను తిట్లకు సిద్ధమై కూర్చున్నాను. నిజానికి ఎదురుచూస్తున్నాను. తప్పు నాకు తెలుస్తూనే ఉంది గానీ, ఆ తప్పు చేసే ముందు నా బుర్ర ఎక్కడ పక్కదారి పట్టిందో నాకు అంతు పట్టలేదు. అది పట్టుకోగలిగింది ఆయనే. సార్ కిటికీలోంచి చూస్తూ, "ఇట్స్ ఓకే. వీ ఆల్ లెర్న్," అన్నారు. మోహన్ నగర్ చౌరస్తా వచ్చింది. చాయ్ దుకాణం ముందు పొయ్యి మండుతోంది. వ్యాను ఆగలేదు. నా జీవితంలో ఏ తిట్టూ నన్ను అంతలా కొట్టలేదు.

అక్కణ్ణుంచి ఆయన నన్ను మొండి పార్టీల దగ్గరికి పంపడం తగ్గించారు. "మీకు ఇబ్బంది లేదు కదా?" అని అడిగి, ప్రగతి మైదాన్ ఎగ్జిబిషన్‌లో స్టాలు దగ్గర నిలబెట్టేవారు. నేను చీర కట్టుకుని, నవ్వుతూ బ్రోచర్లు పంచేదాన్ని. అందరూ నన్ను మర్యాదగా చూశారు. పని మాత్రం ఎవరూ నేర్పలేదు. ఒకట్రెండు సార్లు, "సార్, నన్ను తిట్టండి," అని అందామని ఆయన గది గుమ్మం దాకా వెళ్ళాను. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక, స్టాలు లెక్కలు ఏవో అడిగి వచ్చేశాను.

కొన్నాళ్ళకు ఆంటీకి, అంటే సార్ భార్యకు, హైదరాబాద్ బదిలీ అయింది. సార్ ఉద్యోగం మానేసి ఆవిడతో వెళ్ళిపోతున్నారని తెలిసింది. ఆదివారం మధ్యాహ్నం సామాన్లు సర్దడానికి సాయం చేద్దామని ఆర్.కె. పురం వెళ్ళాను. చలికాలం ఎండ బాల్కనీలో పడుతోంది. ఆంటీ వంటింట్లో స్టీలు సామాన్లు పాత దినపత్రికల్లో చుడుతున్నారు. సార్ మంచం విప్పి బోల్టులు ఒక డబ్బాలో వేస్తున్నారు. నేను మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదనిపించింది.

"సార్, ఆరోజు హోటల్లో నేనన్న మాట..." అని మొదలుపెట్టాను.

ఆయన పానా ఆపలేదు. చాలా కాలానికి మళ్ళీ ఆ పాత గొంతుతో, కాకపోతే మెల్లగా అన్నారు. "నాకూ ఆ మాటే గుర్తుకొస్తాంటాది పాపా. ఇన్నేండ్లు గొంతు చించుకుంటి. ఒక్క ముక్క వినపడలేదంటివి. మరి నేను నేర్పిందేంది? ఉత్త కూతలు కూసినానా అని శానా రోజులు నిద్ర పట్టలే."

"అయ్యో, అది కాదు సార్. అన్నీ వినపడ్డాయి. నాకొచ్చిందంతా మీరు చెప్పిందే. అక్కడేదో మాట వరసకు అలా అనేశాను," అన్నాను గబగబా.

ఆయన తలెత్తి నన్ను చూశారు. కోపం లేదు ఆ చూపులో. "మాట వరసకా? ఆ హాల్లో మాట వరసకు మాట్లాడనిది నువ్వొక్కదానివే అనుకున్నా," అన్నారు. "అందుకే మానుకుంటి. లేకుంటే ఆ చప్పట్లు కొట్టేటోడు చెప్తే మానుకుంటానా నేను?"

ఆయన నన్ను మనస్ఫూర్తిగా మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ మెప్పును నిలుపుకోవాలంటే ఆయన నాకేమీ నేర్పలేదన్న మాట నిజమని ఊరుకోవాలి. ఆయన నేర్పారని ఒప్పించాలంటే నేనూ ఆ హాల్లో మిగతావాళ్ళలాగే చప్పట్లకు మాట్లాడానని ఒప్పుకోవాలి. ఎదురుగా ఆయన నా జవాబు కోసం చూస్తూనే ఉన్నారు. ఒక్క నిమిషం, గట్టిగా ఒకే ఒక్క నిమిషం నేను సిగ్గు విడిచి ఉంటే సరిపోయేది.

"మాట వరసకు కాదు సార్," అన్నాను. "నిజంగానే అన్నాను."

ఆయన తల ఊపి, మళ్ళీ మంచం మీదికి వంగి చివరి బోల్టు విప్పారు.