చీనీ తోటకు కొన్న పాత ట్రాక్టర్

మా తోటలో నూట నలభై చీనీ (బత్తాయి) చెట్లుండేవి. భూమి నాదే అయినా వాటిని పెంచింది నా భార్య. ఆ ఏడు ఎండలు ముదరకముందే బోరు ఎండిపోయింది. మా చిన్నాన్న కిలోమీటరు దూరంలో ఉన్న తన బోరు నుంచి నీళ్లు తోలుకోమన్నాడు గానీ, మాకు బండి లేదు. ఊళ్లో ట్రాక్టరున్నవాళ్లంతా ముందు తమ తోటలకే తోలుకుంటున్నారు.

అందుకని వేంపల్లె దగ్గర ఒక రైతు అమ్ముతున్న పాత మినీ ట్రాక్టర్ చూడటానికి పోయాను. ధర చాలా తక్కువ. ఎందుకు తక్కువో ఆయన దాచలేదు.

"ఇంజన్‌కు ఏం రోగం లేదప్పా. కరెంటుదే తంటా. రాత్రి నిలబెడితే తెల్లారేసరికి బ్యాటరీ అంతా తాగేస్తాది. మా ఇంట్లో నేనొక్కన్నే తాగుతా అనుకుంటి, ఇదీ నేర్చింది."

"వైరింగే కదా, నేను చూసుకుంటాలే" అన్నాను. మోటారు స్టార్టర్ పెట్టెలు విప్పి విప్పి కరెంటు పని సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. కరెంటు కొలిచే మీటరు కూడా ఉంది.

ట్రాక్టర్ కొని, దానికి తగిలించిన ట్యాంకరు వెయ్యి లీటర్లు. చెట్టుకు యాభై పోస్తే ట్రిప్పుకు ఇరవై చెట్లు. ఏడు ట్రిప్పులతో తోటంతా ఒక తడి. మొదటి రోజు అలాగే అయింది. మరునాడు పొద్దున తాళం తిప్పితే టక్ టక్ మని ఆగిపోయింది. నలుగురు తోస్తే లేచింది. మూడో రోజు తోయడానికి మనుషులు దొరకలేదు.

"రాత్రిపూట బ్యాటరీ తీగ పీకిపెట్టు, పొద్దున తగిలించుకో. ముందు నీళ్లు తోలు" అంది నా భార్య.

"అది రిపేరు కాదు మే" అన్నాను. వైరింగంతా ఊడదీశాను.

ఫ్యూజులన్నీ తీసేసినా మీటరులో కరెంటు పోతూనే ఉంది. ఎక్కడో తీగ రాసుకుపోయి ఉంటుందని తీర్మానించాను. కొత్త తీగల కోసం కడపకు రెండుసార్లు పోయాను. ఒక్కొక్క తీగా మారుస్తూ, పూటపూటకూ రీడింగు రాసుకున్నాను. ఆమె ఒక ఆకు తెచ్చి నా ముందు పెట్టింది.

"ముడుచుకుంటాండాయి."

"రెండు రోజుల్లో అయిపోతుంది" అన్నాను. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో మాత్రం రాసుకోలేదు.

పందొమ్మిదో రోజు వేంపల్లె నుంచి ఒక ముసలి ఎలక్ట్రీషియన్‌ను పిలుచుకొచ్చాను. ఆయన మీటరు అడగలేదు. ఇంజన్ పక్కనున్న డైనమో మీద చెయ్యి పెట్టాడు.

"తాళం తీసి ఎంతసేపాయ? ఇది ఇంకా కాలుతాండాది సూడు. రాత్రంతా దీంట్లోకే పోతాండాది."

బ్యాటరీ నుంచి దానికి ఫ్యూజు లేకుండా నేరుగా ఒక తీగ ఉంది. నేను వెతికిందంతా ఫ్యూజుల అవతలే. "మీటరు శానా మంచిదేనప్పా" అని నవ్వి, మధ్యాహ్నానికల్లా పాడైన భాగం మార్చి పోయాడు.

మరునాటి నుంచి ట్రాక్టర్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. రోజుకు ఏడు ట్రిప్పులు తోలాను. రాలిన ఆకు మళ్లీ రాలేదు. తొలివాన పడి పది రోజులైనా చిగురు కనిపించలేదు. గోటితో బెరడు గీరి చూడటం మొదలుపెట్టాం. లోపల పచ్చగా ఉంటే చెట్టుకు ప్రాణం ఉన్నట్టు. ఆమె ఒక సాలు, నేను ఒక సాలు. నాలుగో సాలు మధ్యలో ఆమె ఆగి, చెట్టు మొదట్లో కూర్చుంది.

"మొక్కలప్పుడు బిందెలతో మోసి బతికిస్తి. బండొచ్చినాక సచ్చిపాయ."

 మిగిలిన సాళ్లు ఒక్కణ్ణే చూసి వచ్చి, ఎన్ని మిగిలాయో చెప్పబోయాను.

"నాకు చెప్పొద్దు" అంది.

మిగిలినవి ఇరవై. ఎండినవి కొట్టించేశాను. ఇప్పుడు ఒక్క ట్రిప్పుతో పని అయిపోతుంది. ట్యాంకరు ఖాళీ చేసి, ఎండ ఎక్కకముందే ఇంటికి వస్తాను. తోట ఎలా ఉందని ఆమె అడగదు.