పడక కుర్చీలో పరుగు

నా జీవితంలో నేను ఒకే ఒక్క పరుగు పందెంలో పాల్గొన్నాను. ఆ ఒక్క రోజులో, పెద్దాపురం బజార్లో పనిరోజున ఎన్నడూ మూయని కొట్టు మూతపడింది. కాకినాడ పెద్దాసుపత్రిలో ముసుగు తన్ని పడుకున్న వాళ్ళందరి దుప్పట్లూ ఎత్తి చూడ్డం జరిగింది. మా అమ్మ పొయ్యి వెలిగించలేదు. ఇదంతా నేను పరిగెత్తినందుకు కాదండి, పరిగెత్తనందుకు. మీరు నిస్సంకోచంగా నవ్వుకోండి. నేనూ నవ్వుతూనే చెబుతాను. మధ్యలో ఎక్కడైనా నా మాట తడబడినట్టు అనిపిస్తే, నవ్వు ఎక్కువైందనుకుని ముందుకు సాగిపోండి.

ఎనభైల మొదట్లో మాట. మాది ఇనప సామాను కొట్టు. మేకులు, గడియలు, తలుపు బందులు, వాటి మధ్య మా నాన్నగారు. ఆయన కూడా ఆ సామాను లాంటి మనిషే. గట్టి, బరువు, మాట తక్కువ. నాకు డిగ్రీ అయింది, ఉద్యోగం కాలేదు. టైపు నేర్చుకోవడం మొదలెట్టి మానేశాను. హిందీ పరీక్షలకు కట్టి మానేశాను. తబలా అయితే కొన్నాను కూడా. అది మా అమ్మకి అప్పడాలు ఆరబెట్టేటప్పుడు గుడ్డ ఎగిరిపోకుండా బరువు పెట్టుకోడానికి పనికొచ్చింది.

"వీడు అన్నం ఒక్కటే మొదలెట్టి పూర్తి చేస్తాడు," అన్నారు నాన్నగారు ఓ రోజు, నా విస్తరి వంక చూసి. తిట్టలేదు, కోప్పడలేదు. మేకుల బస్తా బరువు చెప్పినట్టు ఉన్న సంగతి చెప్పారంతే. అదే గుచ్చుకుంది.

సరిగ్గా ఆ వారమే కాకినాడ కుర్రాళ్ళ సంఘం ఒకటి మా ఊళ్ళో గోడలకి కాగితాలు అంటించింది. పెద్దాపురం నుంచి కాకినాడ దాకా హాఫ్ మారథాన్. మారథాన్ అంటే ఏంటో నాకు సరిగ్గా తెలీదు గానీ, హాఫ్ అంటే తెలుసు. హాఫ్ టికెట్టు, హాఫ్ టీ, హాఫ్ చొక్కా. సగమే కదా అని ఆ సాయంత్రమే పేరిచ్చేశాను. ఇచ్చాక తెలిసింది, సగం అంటే ఇరవయ్యొక్క కిలోమీటర్లని. అంత దూరం నేను అప్పటికి సైకిలు మీద కూడా వెళ్ళలేదు.

ఆ సమయంలో నాకు దొరికారు కామేశం గారు. ట్యుటోరియల్ కాలేజీలో పాఠాలు చెప్పి మానేసి, ఇంటి అరుగు మీద మనోశక్తి తరగతులు పెట్టిన పెద్దమనిషి. పరీక్ష భయం, పెళ్ళిచూపుల భయం, నత్తి, గోళ్ళు కొరకడం, అన్నిటికీ ఆయన దగ్గర ఒకటే మందు. కళ్ళు మూసుకోవడం.

"బాబూ, పరిగెత్తేది కాళ్ళనుకుంటున్నావా?" అన్నారు.

"కాదాండి?"

"కాళ్ళు ఎడ్లయ్యా. బండి తోలేది మనసు. మనసు కాకినాడ చేరితే కాళ్ళు పెద్దాపురంలో ఉండిపోతాయా?"

నాకు ఆ లెక్క ఎంత నచ్చిందో చెప్పలేను. పొద్దున్నే లేవక్కర్లేదు, చెమట పట్టక్కర్లేదు. మధ్యాహ్నం భోజనం అయ్యాక పడక కుర్చీలో వాలి, కళ్ళు మూసుకుని, ఊపిరి నెమ్మదిగా తీసి వదులుతూ, కాలి బొటనవేలి దగ్గర్నుంచి ఒక్కొక్క అవయవాన్నీ వదులు చేసుకోవాలి. "నా కాళ్ళు దూది, నా కాళ్ళు దూది" అని లోపల అనుకోవాలి. ఆ తర్వాత రోడ్డంతా మనసులో చూస్తూ పరిగెత్తాలి. చివర్న తాడు తెంపడం, చప్పట్లు, మెడలో దండ, అన్నీ కళ్ళకు కట్టాలి.

"మరి ఓసారి నిజంగా కూడా పరిగెత్తి చూడమంటారాండి?"

"అనుమానం వచ్చిందా? అదే నీ మొదటి ఓటమి," అన్నారాయన. ఓడిపోవడం ఇష్టం లేక ఊరుకున్నాను.

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం మా కొట్టు వెనక గదిలో నా సాధన. బేరానికి వచ్చినవాళ్ళు "అబ్బాయి గారేరండి?" అంటే, అమ్మ గొంతు తగ్గించి, "కదపకండి, పరిగెడుతున్నాడు," అనేది. ఒకాయన తలుపు సందులోంచి తొంగి చూసి, "గురక పెడుతున్నారేంటండి?" అన్నాడట. "ఆయాసం అయ్యుంటుంది," అంది అమ్మ. కన్నతల్లి కదండీ.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. నాకు ఆ విద్య అబ్బింది. మొదట్లో దారిలో ఉన్న సామర్లకోట దాటాక గానీ నిద్ర వచ్చేది కాదు. రానురానూ రెండుసార్లు ఊపిరి వదిలి, బొటనవేలు వదులు చేసేసరికి ఒళ్ళు తెలిసేది కాదు. కామేశం గారు చూసి, "ఇంత త్వరగా లోపలికి వెళ్ళిపోయిన శిష్యుణ్ణి నేను చూళ్ళేదు," అని భుజం తట్టారు.

పందెం రోజు తెల్లవారకుండానే బయల్దేరుతూ నాన్నగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ముఖం కడుక్కుంటున్నారు.

"కాకినాడ వస్తారా నాన్నగారూ?"

"కొట్టు ఎవరు తీస్తారు?" అన్నారు తల ఎత్తకుండా.

రారని తెలిసే అడిగాను. అయినా మనసు చివుక్కుమంది.

ఈల వేశారు. అందరూ కదిలారు, నేనూ కదిలాను. ఊరి చివరిదాకా రాజాలా పరిగెత్తాను. నాకు నేనే ముచ్చటపడ్డాను. ఊరు దాటాక డొక్కలో ఎవరో గునపం దింపినట్టయింది. దూది కావలసిన కాళ్ళు మా కొట్లో మేకుల బస్తాల్లా తయారయ్యాయి. నిక్కర్లు వేసుకున్న స్కూలు పిల్లలు నన్ను దాటిపోయారు. వాళ్ళ వెనక, నెరిసిన మీసాల ఆయనొకరు ఆయాసం లేకుండా కబుర్లు చెప్పుకుంటూ దాటిపోయారు. సామర్లకోట ఎలా దాటానో నాకు తెలీదు. దాటాక కాలవ గట్టు కనపడింది. గడ్డి, నీడ, చల్లగాలి. అప్పుడు గుర్తొచ్చింది కామేశం గారి మాట. "శరీరం మొరాయిస్తే రెండు నిమిషాలు ఆగు. పడుకో. వదులు చెయ్యి. సింహంలా లేస్తావు."

పడుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. ఊపిరి వదిలాను. బొటనవేలు వదులు చేశాను.

లేచేసరికి సూర్యుడు నడినెత్తి దాటాడు. నా మొహానికి అడ్డంగా ఓ తాటాకు ఉంది. పక్కన గేదెల్ని కడుగుతున్న ఓ పెద్దావిడ నన్ను చూసి నవ్వింది.

"లేసేవా బాబూ? ఎండ మొకమ్మీద పడతందని నేనే ఆకు అడ్డం ఎట్టేను. ఎంత అలిసిపోయేవో, గుర్రు తీసి తొంగున్నావు."

"పందెం ఏమైందమ్మా?" అన్నాను పిచ్చివాడిలా.

"ఎప్పుడో ఎల్లిపోయేరు. ఎనకాల జీపోటి, పడిపోయినోళ్ళని ఎతుక్కుంటా ఎల్లింది. ఆకు కింద ఉన్నావు కదా, నువ్వు ఆళ్ళకి కనపళ్ళేదు."

ఆవిడ దయకి దణ్ణం పెట్టాలో ఏడవాలో తెలీలేదు. దణ్ణమే పెట్టి, బస్సెక్కి ఇంటికొచ్చాను. కొట్టుకి తాళం ఉంది. నాన్నగారి కొట్టుకి, పట్టపగలు!

అమ్మ గుమ్మంలోనే ఉంది. నన్ను చూసి ఏడుపు లంకించుకుంది.

"బతికే ఉన్నావురా! నాన్నగారేరీ?"

"నాన్నగారేంటి?"

"నువ్వు వెళ్ళిన గంటకి కొట్టుకి తాళం వేసి, ఉతికిన పంచె కట్టుకుని, కాకినాడ బస్సెక్కారు. 'వాడు చివరిదాకా వస్తే చూసేవాడు ఒకడుండాలి కదే' అన్నారు. నువ్వెక్కడికి పోయావు? వచ్చినవాళ్ళందరూ నిన్ను చూళ్ళేదంటున్నారు."

మళ్ళీ బస్సెక్కాను. పందెం ముగిసిన మైదానంలో కుర్చీలు కూడా ఎత్తేశారు. నాన్నగారి గురించి అడిగితే పందిరి విప్పుతున్న మనిషి చెప్పాడు. "ఆయనాండి? మధ్యాహ్నం దాకా ఇక్కడే నిలబడ్డారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, కూర్చుంటే మావాణ్ణి చూడలేనన్నారు. వచ్చిన ప్రతివాణ్ణీ అడిగారు. తర్వాత ఆసుపత్రి దారి అడిగి వెళ్ళారండి."

ఆసుపత్రికి పరిగెత్తాను. ఆ రోజు మొత్తమ్మీద నేను నిజంగా పరిగెత్తింది అదే. అక్కడ నర్సమ్మ, "పంచె కట్టుకున్న పెద్దాయనేనా? అన్ని వార్డుల్లోనూ దుప్పట్లు ఎత్తి చూశారు. ఆ వెనక గది కూడా తీయించి చూశారు. కొడుకు లేడని తెలిశాక గోడకి ఆనుకుని కాసేపు నిలబడి వెళ్ళిపోయారు," అంది. ఆ వెనక గది ఏంటో నేను అడగలేదు.

తిరుగు బస్సులో కిటికీకి మొహం ఆనించి కూర్చున్నాను. పొద్దు వాలుతోంది. సామర్లకోట ఇంకా రాకముందే ఆయన కనిపించారు. చెప్పులు చేత్తో పట్టుకుని, రోడ్డు వారనే నడుస్తూ, పది అడుగులకోసారి ఆగి కాలవలోకి వంగి చూస్తున్నారు. కాకినాడ నుంచి అలా నడిచే వస్తున్నారు.

బస్సు ఆపించి దూకాను. "నాన్నగారూ!"

ఆయన తిరిగి చూశారు. చాలాసేపు చూశారు. దగ్గరికొచ్చి నా తల, భుజాలు, మోచేతులు తడిమారు, బేరంలో సామాను పగుళ్ళు చూసినట్టు.

"ఏమైందిరా?"

అబద్ధం ఆడాలనుకున్నాను. కాలు బెణికిందనో, లారీ గుద్దబోయిందనో.

"నిద్రపోయానండి."

కొడతారనుకున్నాను. కొడితే బావుండేది. ఆయన కళ్ళు తుడుచుకుని, "తిన్నావా?" అన్నారు.

"ఇంకో బస్సొస్తుంది, ఎక్కుదాం నాన్నగారూ," అన్నాను.

"ఎలాగూ ఇంతదూరం నడిచాను కదా," అని చెప్పులు తొడుక్కుని ముందుకి నడిచారు. నేను వెనకాల నడిచాను. ఇల్లు చేరేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. ఆ రకంగా మా ఇంట్లో ఆ దూరం పూర్తి చేసింది ఆయనే. పంచె కట్టుకుని, ఆకలితో, ఏభై దాటిన వయసులో.

మర్నాడు బజారంతా నవ్వింది. కామేశం గారు మాత్రం నవ్వలేదు, పరిశోధనకి వచ్చారు.

"అయ్యా, ఈ వయసులో అంత దూరం నడవడం మాటలు కాదు. నడుస్తున్నంతసేపూ మనసులో ఏం బొమ్మ పెట్టుకున్నారో చెబుతారా? మా పిల్లలకి పాఠంగా చెప్పుకుంటాను," అన్నారు.

నాన్నగారు మేకులు తూస్తున్నారు. ఇంకో రెండు మేకులు వేసి తూకం సరిచేశారు. పొట్లం కట్టి బేరగాడి చేతికిచ్చాక అన్నారు.

"బొమ్మ రాకుండా చూసుకుంటూ నడిచానండి."

కామేశం గారు మెట్లు దిగి వెళ్ళిపోయారు. నేను కొట్టు వెనక గదిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. నాన్నగారు పోయి చాలా ఏళ్ళయింది. కొట్టుకి తాళం వేసి నాకోసం వచ్చిన ఆ ఒక్క రోజున ఆయనకి చూడ్డానికి నేనేమీ ఇవ్వలేకపోయాను. దుప్పట్లు ఎత్తి చూసే పని తప్ప.

కనుక ఇందుమూలంగా యావన్మంది జనానికీ తెలియజేసుకునేదేమనగా: ఇకమీదట నేను పరిగెత్తదలిస్తే కళ్ళు తెరుచుకునే పరిగెత్తుతాను. కళ్ళు మూసుకోదలిస్తే మాత్రం, ఎక్కడ, ఏ నీడన మూసుకుంటున్నానో ముందు ఇంట్లో చెప్పి మరీ మూసుకుంటాను.